బీరువా మీద పెట్టిన కట్ట

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండే రెండు వాక్యాలు. కోర్టులో ఇంతకంటే పెద్దవి రోజూ వింటాను, విని లోపల్లోపల నవ్వుకుంటాను కూడా. నేను ఆడినది మాత్రం నన్ను వదల్లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలనేమో అనిపించింది.

నేను కోదాడలో వకీలుని. మాది మునగాల దగ్గర పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. మా నాయన సగం మంద అమ్మి నన్ను లా చదివించాడు. చదువయ్యాక సూర్యాపేటలో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. ఆయన్ని సార్ అనే రాస్తాను. నాకు ఆయన ఎప్పుడూ సారే.

సార్ మొదట్లో మిర్యాలగూడ కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవారు. తర్వాత నల్లకోటు వేశారు. మధ్యలో ఒకసారి ఎమ్మెల్యే ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నారు. ప్రచారానికి వెళ్లి ఓటు అడగడం మర్చిపోయి న్యాయమంటే ఏమిటో చెప్పేవారట. జనం చప్పట్లు కొట్టి వేరేవాళ్లకు ఓటేశారు. ఈ కథ ఆయనే చెప్పి ఆయనే పడీ పడీ నవ్వేవారు.

ఎప్పుడో స్కాట్లాండ్ దేశంలో ఈ మూడు పనులూ చేసిన మనిషి ఒకాయన ఉండేవాడు. తత్వవేత్త, వకీలు, పార్లమెంటు మెంబరు. సార్‌కు ఆయనంటే పిచ్చి. కక్షిదారు కోసం ఎదురుచూస్తూ టీ తాగుతున్నా ఆయన కబుర్లే. ఆ పేరు నాకు నోరు తిరగక "మీ దొర" అనేదాన్ని. "నా దొర కాదు బిడ్డా, నీ దొర. ఆ గుట్టల మీద మనుషుల కంటె గొర్లే ఎక్కువ" అని ఏడిపించేవారు.

ఆ దొర చెప్పిన ఒక సంగతి మాత్రం సార్ మళ్లీ మళ్లీ చెప్పేవారు. మనిషి ముందు తన జ్ఞాపకాన్ని నమ్మాలి, ఎదుటివాడి మాటను నమ్మాలి. అనుమానించడానికి కారణం కావాలి గాని నమ్మడానికి అక్కర్లేదు. ఎవరినీ నమ్మకపోతే సాక్షి లేడు, కోర్టు లేదు, ఊరే లేదు. నాకది తత్వంలా అనిపించలేదు. సంతలో బేరం కుదిరాక మా నాయన అనే "నీ మాట సాలు" లాగే అనిపించింది.

సార్ అప్పటికి పదకొండేళ్లుగా ఆ దొర జీవితాన్ని తెలుగులో రాస్తున్నారు. మిర్యాలగూడ డిగ్రీ పిల్లలు చదువుకోవాలని. కాగితం వృథా చేస్తే ఆయనకు పాపం తగిలినట్టే. అందుకని తీర్పు వచ్చేసిన కేసుల పాత డ్రాఫ్టులు తీసి, వాటి వెనక వైపు రాసేవారు. ముందు వైపు భూమి తగాదాలు, వెనక వైపు స్కాట్లాండ్. మొత్తం ఒక కట్ట, ఎర్ర నాడాతో కట్టి పెట్టేవారు. కేసు కట్టలూ అంతే, ఎర్ర నాడాలే.

మా ఆఫీసులో ఇంకో పద్ధతి ఉండేది. ఏటా దసరాకు ముందు పాత డ్రాఫ్టులన్నీ పెరట్లో కాల్చేయాలి. పాత పేపర్లవాడికి వేయనిచ్చేవారు కాదు. కక్షిదారు గుట్టు పల్లీల పొట్లమై బజార్లో తిరగకూడదని ఆయన పట్టు. ఆ ఏడు ఆ పని నాకు అప్పజెప్పి సార్ బస్సులో మిర్యాలగూడ కోర్టుకు వెళ్లారు. బీరువా లోపలివి తీశాను. బీరువా పైన ఇంకో కట్ట కనిపించింది. మొదటి కాగితం చూశాను. ఎప్పుడో ఖతమైన పంపకాల దావా. తిప్పి చూడలేదు.

కట్టలో సగం పైగా కాలాక ఒక కాగితం మంటలో ముడుచుకుంటూ తిరగబడింది. సార్ చేతిరాత. అప్పటికి ఇంకా చాలా కాగితాలు అంటుకోలేదు. చెయ్యి పెడితే వచ్చేవి. నేనేం చేశానో చెప్పనా? చేతిలో ఉన్న కట్టెతో వాటిని లోపలికి తోశాను. సగం మిగిలితే సగం ఏమైందని అడుగుతారు కదా. అంతవరకు జరిగింది పొరపాటు. ఆ కట్టె నుంచి మొదలైంది తప్పు.

రెండు రోజుల తర్వాత సార్ బీరువా ముందు నిలబడ్డారు.

"బిడ్డా, ఈడ కట్ట పెట్టిన, సూసినవా?"

"మొన్న మీరే మిర్యాలగూడ తీసుకపోయిన్రు గద సార్. నేనే సంచి అందిచ్చిన."

ఆయన నా వైపు చూశారు. అనుమానంగా కాదు. గాబరాగా.

"నేను తీసుకపోయిన్నా? గుర్తే లేదు బిడ్డా. జర మంచిగ సూసినవా నువ్వు?"

"సూసిన సార్."

"అయితే బస్సుల మర్సిపోయి ఉంటా" అన్నారు. అంతే. ఇంకో ప్రశ్న వేయలేదు. క్రాస్ ఎగ్జామినేషన్లో ఎంతెంత మొనగాళ్లనో ఏడిపించిన మనిషి, నన్ను ఒక్క ప్రశ్న ఎక్కువ అడగలేదు.

ఎందుకు చెప్పాను? భయమని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. భయమెందుకు? సార్ కొట్టరు, తిట్టరు, వెళ్లగొట్టరు. మహా అయితే తల పట్టుకుని కాసేపు కూర్చుని, "సరే, మళ్ల రాద్దాం, నువ్వే రాసి పెట్టాలె" అనేవారు. అది నాకు అప్పుడూ తెలుసు. మరి ఎందుకు? ఆయన దృష్టిలో నేను తెలివైన పిల్లని. ఆ చూపు ఒక్క పూట మారుతుందేమోనని. ఆ ఒక్క పూట కోసం ఆయన మిగిలిన బతుకంతా తీసుకున్నాను.

సార్ మూడుసార్లు మిర్యాలగూడ బస్టాండుకు వెళ్లి అడిగారు. ఒకసారి తోడుగా నేనూ వెళ్లాను. తేలు కుట్టిన దొంగలా పక్కనే నిలబడి, డిపో వాళ్లకు కట్ట ఎలా ఉంటుందో నేనే వివరించాను కూడా. తిరిగి వస్తుంటే బస్సులో ఆయన కట్టలోని మొదటి అధ్యాయం నాకు చెప్పారు. దొర పుట్టిన ఊరు, చలి, వాన, బడికి వెళ్లే దారి. ఒక్క మాట తడబడలేదు. అంతా చెప్పి, "ఇట్లనే రాసిన్నా అంటవా?" అని నన్నే అడిగారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఏడాది తిరగకుండానే ప్రాక్టీసు మానేశారు. కాగితం చూడకుండా వాయిదా తేదీలన్నీ చెప్పగలిగిన మనిషి. "నా బుర్ర మీద నాకే భరోసా లేకపాయె, క్లయింట్లు ఎట్ల నమ్మాలె?" అన్నారు. దాచడమెందుకు, కేసులన్నీ నాకే ఇచ్చారు. కోదాడలో నా బోర్డు, నా పేరు, నా జూనియర్లు, అన్నీ ఆ అబద్ధం మీద లేచినవే. పుస్తకం మళ్లీ మొదలుపెట్టమని ఎన్నోసార్లు అన్నాను. ఆ కట్ట పోయాక ఆయన ఒక్క పేజీ కూడా రాయలేదు.

చెప్పాలనే వెళ్లేదాన్ని. ప్రతి దసరాకూ వెళ్లేదాన్ని. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారేది. నా కేసులన్నీ అడిగి, ఎక్కడ తప్పు వాదించానో చెప్పి, నాకు ఇష్టమని సర్వపిండి చేయించి పెట్టేవారు. తిని వచ్చేసేదాన్ని. ఆయన్ని నేను మా నాయన తర్వాత నాయనలా ప్రేమించాను. అది అబద్ధం కాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని అడగకండి, నాకూ తెలియదు.

సార్ పోయినేడు పోయారు. చివరి రోజు దాకా ఆయన మతి చెక్కుచెదరలేదు. చివరి వారంలో కూడా నా పెళ్లికి వచ్చిన జడ్జి ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పారు. చెప్పి, ఎప్పటిలాగే, "గంతేనా బిడ్డా?" అని అడిగారు. ఆ కట్ట పోయినప్పటి నుంచి ఏది చెప్పినా చివర ఆ ప్రశ్న. ఆయన నోట నేను పెట్టిన ప్రశ్న అది.

పోయిన నెల అమ్మ, అంటే సార్ భార్య, నన్ను పిలిచి ఆయన జేబు నోటుబుక్కులు ఇచ్చింది. "నీ పేరే ఎక్కువ ఉన్నది, నువ్వే ఉంచుకో" అంది. దొర గురించి రాశారేమోనని ఆశగా తెరిచాను. "గ్యాసు ఆపాను. గొళ్లెం వేశాను. మళ్లీ చూశాను, వేసే ఉంది. మాత్ర వేసుకున్నాను." పేజీల తరబడి ఆయన తన కోసం రాసుకున్నవి ఇవే. అన్నిటికంటే పాత నోటుబుక్కు మొదటి పేజీలో మాత్రం నాలుగు వాక్యాలున్నాయి.

"కట్ట బీరువా మీద పెట్టినట్టే నాకు గుర్తు. సంచి అందించానని బిడ్డ అంటోంది. బిడ్డ అబద్ధం చెప్పదు. కాబట్టి నా గుర్తే తప్పు."

క్షమించమని ఎవరిని అడగను? అడిగినా ఇచ్చేవారు లేరు. అమ్మకు చెబితే ఆమె నన్ను దగ్గరకు తీసుకుని ఊరడిస్తుంది, దానికి నాకు అర్హత లేదు. అందుకని సాక్షి చెప్పినట్టు, పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా, మీ ముందు చెబుతున్నాను.

సార్, మీరు కట్టను మిర్యాలగూడ తీసుకుపోలేదు. నేను సంచి అందించలేదు. ఆ కట్ట బీరువా మీదనే ఉండె. మీరే పెట్టిన్రు. మీకు గుర్తున్నదే నిజం సార్.