ఇద్దరికి ఒక కీబోర్డు

తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో నా కూతురు జగిత్యాలలో మా ఇంట్లోనే ఉండేది. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే అల్లుడికి నూలు దుమ్ముతో ఊపిరితిత్తులు చెడి, నిలబడి పనిచేసే శక్తి పోయింది. ఇక ఇల్లు ఆమే నడపాలి. నెలాఖరులోగా లినక్స్ అనే కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఇస్తామని హైదరాబాదులో ఒక కంపెనీ మాట ఇచ్చింది. తేలేకపోతే ఆమె కూడా నూలు కండెలు చుట్టడానికి ఆ మగ్గాల షెడ్లలోకే పోవాలి. అల్లుడి భయమంతా అదే.

బస్సులు బంద్. రోజూ స్కూటర్ మీద ఆమెను కోరుట్లలో కంప్యూటర్ నేర్పే సెంటరుకు తీసుకెళ్లేవాణ్ణి. కరెంటు పోయే వేళలు డైరీలో రాసుకుని, వాటిని బట్టి బయలుదేరేవాళ్లం. అయినా మధ్యలో పోయేది. ఇన్వర్టర్ మీద కొన్ని కంప్యూటర్లే నడిచేవి కనుక సెంటర్ సారు ఒక్కోదాని ముందు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాడు. నా కూతురికి జోడీ, జిరాక్సు దుకాణంలో టైపు చేసే ఒక అమ్మాయి. ఏ పనికి ఏ కమాండో నా కూతురికి నోటికి వచ్చు. ఆమె చెప్పడం, ఈ అమ్మాయి టకటకా కొట్టడం.

"అక్కా, నువ్వు మంత్రం సదువు, నేను అక్షింతలేస్త."

"తప్పేసినవనుకో, పెండ్లి మల్ల మొదటికెల్లి జెయ్యాలె!"

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక చోట్లు మార్చుకుని ఆలస్యం చేసేవారు కాదు. "గింత ఫాస్టు ఇక్కడ ఎవ్వలు లేరు" అని సారు మురిసిపోయేవాడు.

సమ్మె ముగిశాక హైదరాబాదులో పరీక్ష. ఎవరి కంప్యూటర్ వారికిచ్చి పని చేసి చూపమంటారు. దాని పాస్‌వర్డ్ చెప్పరు. ఆన్ అవుతుండగా తెర కొన్ని క్షణాలు ఆగుతుంది. అప్పుడే మీట నొక్కి లోపలికి పోయి పాస్‌వర్డ్ మార్చాలి. మిగతా పనంతా ఆ తర్వాతే.

తిరుగు బస్సులో ఇద్దరూ నా పక్క సీట్లోనే కూర్చున్నారు.

"ఏం కొట్టాల్నో అంత తెల్సు బాపూ" అంది నా కూతురు. "మీట మీదికి చెయ్యి పోయేటాలకు తెర ఉరుకుతుండె. మల్ల ఆన్ జేసుడు, మల్ల ఉరుకుడు. దొరికినంక ఒక్కొక్క అక్షరం ఎతుక్కునుడు. టైమంత గాడ్నే ఒడిసింది."

"నేను లోపలికైతే జల్దినే పోయిన అక్కా" అంది ఆ అమ్మాయి. "పోయినంక ఏం జెయ్యాలె? నువ్వు జెప్తవేమో అని పక్కకు సూసిన. గోడ ఉన్నది."

ఇద్దరూ తప్పారు. మళ్లీ రాయవచ్చు. కానీ కంపెనీ ఆగలేదు, వేరేవాళ్లను తీసుకుంది.

కూతుర్ని సిరిసిల్లలో నేనే దింపాను. షెడ్డుకు పంపేది లేదని అల్లుడు ఆ పూట అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున, తాను పనిలో ముక్కుకు కట్టుకునే గుడ్డ ఉతికి తెచ్చాడు. పోగుల దుమ్ము లోపలికి పోకుండా ఎంత బిగించాలో, ఆమె ముఖానికి కట్టి చూపించాడు.