ఖాళీ బిళ్ళ, నీలం పట్టు

టైలర్ మాస్టారికి దాచుకునే జబ్బుంది. డబ్బు కాదు లెండి, మంచి వస్తువు ఏది దొరికినా వాడడానికి ఆయనకి చేతులు రావు. ఒక్కో కొలతా మూడుసార్లు తీసే మనిషి, భార్య జాకెట్టు కోసం పన్నెండేళ్ల కిందట కొన్న నీలం పట్టుగుడ్డకి కత్తెర పెడతాడా? "దానికి తగ్గ డిజైన్ దొరకొద్దూ?" అంటాడు. గుడ్డ ఇంకా బీరువాలోనే ఉంది.

ఆవిడ బస్సు కండక్టరు. టికెట్టు చింపినంత తేలిగ్గా ఏ సంగతైనా తేల్చేస్తుంది. ఈ ఏడాది లైబ్రరీలో గడుల బోర్డు మీద అక్షరాల బిళ్ళలతో పదాలు పేర్చే పోటీ జరిగితే, ఫైనల్లో మొగుడూ పెళ్లామే ఎదురుబొదురుగా కూర్చున్నారు.

"నేను గెలిస్తే ఆ పట్టుగుడ్డ కుట్టమని ఎదురు షాపు టైలర్‌కి ఇచ్చేస్తా" అంది ఆవిడ.

మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆట సగంలో ఆయనకి ఖాళీ బిళ్ళ వచ్చింది. ఏ అక్షరం కావాలంటే ఆ అక్షరంగా వాడుకోవచ్చు. అప్పుడే వేస్తే ఇరవై పాయింట్లు ఖాయం. కానీ ఇంత గొప్ప బిళ్ళని అంత చిన్న మాటకా? రెండు ఎత్తులు ఆగితే అరవై రావచ్చు. ఆగాడు. బొటనవేలితో దాన్ని నిమురుతూ కూర్చున్నాడు. బీరువా తెరిచి పట్టుగుడ్డని నిమిరేదీ అలాగేనని ఆవిడకి తెలియదూ! ఆయన చూపు ఏ గడి మీద వాలితే అక్కడ చకచకా ఓ చిన్నమాట వేసి దారి మూసేసింది. చివరికి మాస్టారు నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాడు. ఖాళీ బిళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేసరికి జాకెట్టు కుట్టి ఉంది. ఆ గుడ్డ ఎదురు షాపు గడప తొక్కడం భరించలేక, పొద్దున్నే గుండె చిక్కబట్టుకుని కత్తెర వేసేశాడు.

ఆవిడ వేసుకుని చూసింది. హుక్కులు అందలేదు. గుడ్డ కొన్ననాడు పుస్తకంలో రాసుకున్న కొలతలతోనే కుట్టాడు మహానుభావుడు! ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరీ ఆలస్యం చేశానే" అన్నాడు.

ఆవిడ జాకెట్టు విప్పి తిరగేసింది. కుట్ల లోపల రెండు పక్కలా రెండేసి వేళ్ల వెడల్పు గుడ్డ మడిచి ఉంది.

"ఇదేంటండీ?"

"ఎందుకైనా మంచిదని వదిలా."

ఆవిడ పడీపడీ నవ్వింది. "ఇది మాత్రం ఇప్పుడే వాడెయ్యండి" అంటూ చేతులు చాపి నిలబడింది. మాస్టారు మెడలోంచి టేపు తీసి, ఒక్కసారే కొలిచాడు.