వ్యూఫైండర్‌లో ఎడమ పక్క

నాయుడుపేటలో ఒక పెళ్లి ఆల్బమ్ ఇచ్చిన రోజు పెళ్లికూతురి తండ్రి నన్ను నిలదీశాడు. "ఏందన్నా, మా అమ్మ ఏ ఫోటోలో చూసినా సగమే ఉండాది?" నిజమే. ప్రతి ఫోటోలో ఎడమ చివరి మనిషి తెగిపోయి ఉన్నాడు. కెమెరాలో లోపమనుకుని సర్వీసింగ్‌కు ఇచ్చాను. బాగానే ఉందన్నారు.

కొన్నాళ్లకు వాకాడు రోడ్డు మీద పక్కనుంచి వచ్చిన గేదె కనబడక బండితో సహా పడ్డాను. అప్పుడు నా భార్య సుభాషిణి నెల్లూరులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. కంటి లోపలి ప్రెషర్ చూశారు, పక్కచూపు ఎంతుందో తెలిపే ఫీల్డ్ టెస్ట్ చేశారు. డాక్టరమ్మ నేను కళ్లలో వేసుకునే చుక్కల మందు సీసా తిప్పి చూసి, "ఇది ఎవరు రాశారు?" అని అడిగింది.

"ఎవరూ రాయలేదు మేడమ్. కళ్లు ఎర్రబడితే మెడికల్ షాపులో ఇచ్చినారు. ఏళ్లుగా వేసుకుంటా ఉండాను."

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. దీనివల్ల కంట్లో ప్రెషర్ పెరిగి మీకు గ్లకోమా వచ్చింది. రెండు కళ్లలోనూ ఆప్టిక్ నర్వ్, అంటే చూపు నరం, దెబ్బతింది. పోయిన చూపు రాదు. ఉన్నది కాపాడుకుందాం."

ప్రెషర్ తగ్గడానికి కుడికంటికి సర్జరీ చేశారు. కొన్ని నెలలకే ప్రెషర్ మళ్లీ పెరిగింది, మళ్లీ చేశారు. ఈలోగా పెళ్లిళ్లవాళ్లు నన్ను పిలవడం మానేశారు. మెడికల్ షాపతన్ని అడిగితే, "నువ్వడిగినావు, నేనిచ్చినా" అన్నాడు. అతని షాపు ఇప్పటికీ నడుస్తోంది. నా స్టూడియోలో వేరేవాళ్లు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఇంట్లో కూర్చోలేక మా ఊరి సముద్రపు ఒడ్డున ఫోన్‌తో ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. ఒకప్పుడు కెమెరా వ్యూఫైండర్‌లో పెళ్లిమంటపం మొత్తాన్ని ఒక్క చూపులో సర్దినవాణ్ని. ఇప్పుడు తల తిప్పుకుంటూ లోకాన్ని ముక్కలుగా చూడాలి. వలలోంచి చేపను విడిపించే వేళ్లు, పడవ అంచున ఎండిన ఉప్పు. ఇక్కడే పుట్టి పెరిగినా వీటిని నేనెన్నడూ ఫోటో తీయలేదు. చూసినవాళ్లు "నీకు కొత్త చూపొచ్చిందన్నా" అంటారు. నేనడిగానా దీన్ని? పాతది తిరిగిస్తే ఇప్పుడే వదిలేస్తాను.

ఒకరోజు తీసిన ఫోటో పెద్దది చేస్తే, ఎడమ పక్క సుభాషిణి ఉంది. లంగరు తాడు తట్టుకుని పడతానేమోనని చెయ్యి చాచి నిలబడింది. తీసేటప్పుడు నాకు కనబడనే లేదు.

"ఎప్పుడొచ్చినావు?" అన్నాను.

"రోజూ వస్తానే ఉండాను."



ఇప్పుడు డాక్టరు రాసిన చుక్కలు మానకుండా వేసుకుంటున్నాను. ఈ మిగిలిన చూపు ఎంతకాలమో ఎవరూ చెప్పరు. మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు రాయని చుక్కలు కంట్లో వేసుకోకండి. ఎరుపు తగ్గింది కదా, మంచి మందే అనుకోకండి. నాకూ తగ్గింది.