కోవా పొయ్యి ఆరకుండా కార్పెట్ కడిగిన వైనం

అది 2023 వేసవి. బాన్సువాడలో మేం కార్పెట్లు, సోఫాలు శుభ్రం చేసే పని మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్లయింది. హైదరాబాద్‌లో ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ చేస్తూ నేర్చుకున్న విద్య ఇది. మొదట్లో ఊళ్లో నన్ను చూసి నవ్వనివాళ్లు లేరు. "చాప దులుపుడుకు కూడ మిషినా రూతక్కా?" అనేవాళ్లు. "దులుపుకోండ్రి, గా దుమ్ము ముక్కుల్లకు పోయినంక నాకే ఫోన్ చేస్తరు" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు అంత మంచిదేం కాదు కానీ, పని మంచిదని మాత్రం పేరొచ్చింది.

ఆ ఎండల్లో ఒకరోజు బీర్కూర్ వైపు ఒక క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుంటున్న రైతుల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. మాట్లాడినామె పేరు వరలక్ష్మి. ఎంత తీసుకుంటావని గానీ, ఎప్పుడొస్తావని గానీ అడగలేదు.

"నువ్వు వాడే మందులో ఏముంటుందమ్మాయ్?" అంది.

"మాది ఎకో ఫ్రెండ్లీ అమ్మా. డబ్బా మీద ఆకు బొమ్మ కూడ ఉన్నది."

"ఆకు బొమ్మ కడుగుద్దా కార్పెట్‌ని? లోపలేముందో చెప్పు."

నాకు ఒళ్లు మండింది. అన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. కోపం ఆమె అడిగినందుకు కాదు, చెప్పడానికి నా దగ్గర జవాబు లేనందుకు. "వచ్చి మాట్లాడుత" అని ఫోన్ పెట్టేశాను.

మా ఆయన సామ్యేలు వ్యాన్ తోలాడు. వరలక్ష్మి గారి ముందుగదిలో అడుగు పెట్టగానే పులిసిన పాల కంపు గుప్పుమంది. ఆమె పాలకోవా కాచి బాన్సువాడ మిఠాయి దుకాణాలకు పోస్తుంది. ఫ్రిజ్ దగ్గరికి మోసుకెళ్తుండగా పాలక్యాను జారి కార్పెట్ మీద ఒలికింది. కోవా తీసుకెళ్లడానికి దుకాణాలవాళ్లు వచ్చి కూర్చునే గది అదే. పాల వ్యాపారం చేసే ఇంట్లో పులిసిన కంపు కొడితే ఎవరు కొంటారు?

అంతకుముందే ఎవరినో పిలిపించి కడిగించిందట. వాళ్లు కార్పెట్‌ను గేదెల కొట్టం ముందున్న సిమెంటు గచ్చు మీద వేసి, ఘాటైన మందు పోసి, నీళ్లు కొట్టి వెళ్లారు. ఆ గచ్చు మీద నీళ్లు కాలువ వెంట నేరుగా గోబర్ గ్యాస్ గుంతలోకి పోతాయి. పేడను గ్యాస్‌గా మార్చేది ఆ గుంతలోని కంటికి కనిపించని క్రిములే. మందు దెబ్బకు అవి చచ్చాయి. కోవా కాచే పొయ్యికి గ్యాస్ ఆగిపోయింది.

"గుంతంతా తోడించి, కొత్త పేడ పోసి, మళ్లీ గ్యాస్ పుట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది" అంది వరలక్ష్మి గారు. "అన్నాళ్లూ కట్టెల పొయ్యి మీద కాశాను. కోవాకి పొగ వాసనొచ్చిందని దుకాణాలోళ్లు తిప్పి పంపారు. ఇంకోసారి ఇట్టా అయితే వేరేవాళ్లని చూసుకుంటామన్నారు. సిలిండర్ మీద కాస్తే నాకు మిగిలేది గిన్నె కడిగిన నీళ్లే. పోనీ కంపన్నా పోయిందా అంటే, రెండ్రోజులు సెంటు వాసనొచ్చి మళ్లీ మామూలే."

"అంత కష్టమైతే గా కార్పెట్ పారేయరాదా అమ్మా?" అన్నాడు సామ్యేలు.

"ఎక్కడ పారేయను బాబూ? ఇది ప్లాస్టిక్ నూలు. తగలబెడితే ఊరంతా పొగ. పొలంలో పూడిస్తే నా మనవళ్లు దున్నేటప్పుడు కూడా అట్టాగే తగులుద్ది."

నేను వ్యాన్‌లోంచి నా డబ్బా తెచ్చి మొదటిసారి దాని వెనకవైపు చదివాను. ముందు ఆకు బొమ్మ, వెనక చిన్న అక్షరాల్లో 'క్రిములను సమూలంగా నాశనం చేయును'. నేల మీద క్రిముల్ని చంపేది గుంతలో క్రిముల్ని ముద్దు పెట్టుకుంటుందా? అక్కడే నిలబడి హైదరాబాద్ డీలర్‌కు ఫోన్ కొట్టాను.

"దీంట్ల ఏమేం కలిపిండ్రు?"

"అది కంపెనీ సీక్రెట్ మేడమ్. ఎకో ఫ్రెండ్లీయే, డౌటే లేదు."

"ఎవరికి ఫ్రెండు? చేపలకా, బర్రెలకా, గోబర్ గ్యాస్‌కా?"

"మేడమ్, గోబర్ గ్యాస్ అని ఇప్పటిదాంక ఎవరూ అడగలే."

చివరికి నసుగుతూ ఇంకో సరుకుందని చెప్పాడు. అది ఎంజైమ్ క్లీనర్. పాలు, గుడ్డు, నెత్తురు లాంటి మరకల్ని కొరికి నీళ్లలో కలిసిపోయేలా చేసే ద్రవం. క్రిముల్ని చంపే మందు గానీ, సెంటు గానీ అందులో ఉండవు. "వాసన లేదని ఎవరూ కొనరు మేడమ్" అన్నాడు. "నేను కొంట, పంపు" అన్నాను.

సరుకు చేరాక మళ్లీ క్యాంపుకు వెళ్లాం. అయినా ఈసారి ఎవరి మాటా నమ్మదలచుకోలేదు. "అమ్మా, మీ గుంత మీద పందెం వేయను. ముందు సీసాలల్ల చూద్దాం" అన్నాను. మా బిడ్డ బడిలో సైన్స్ ఫెయిర్‌కు చేసిన పద్ధతి గుర్తుంది. గుంతలోని పేడనీళ్లు మూడు సీసాల్లో పోశాం. ఒకదాంట్లో ఏమీ కలపలేదు. ఒకదాంట్లో ఆకు బొమ్మ మందు, ఇంకోదాంట్లో ఎంజైమ్, కడిగిన నీళ్లలో ఉండేంత పల్చగా కలిపాం. మూతులకు బుగ్గలు, అదే బెలూన్లు, బిగించి కొట్టం పక్క ఎండ తగిలేచోట పెట్టాం. గ్యాస్ పుడితే బుగ్గ ఉబ్బుతుంది.

"గీ బుగ్గలేందే, ఎవరి బర్త్‌డే?" అని సామ్యేలు నవ్వాడు. "కార్పెట్ కడుగుమంటే పేడతోని పరీక్షలు పెడుతున్నవ్."

"పాస్ అయితెనే కడుగుత" అన్నాను.

కొన్నాళ్లకు వరలక్ష్మి గారు కబురు పెడితే వెళ్లి చూశాం. ఏమీ కలపని సీసా బుగ్గ లేచి నిలబడింది. ఎంజైమ్ సీసాది కూడా దాదాపు అంతే. ఆకు బొమ్మ సీసాది మాత్రం వాడిన తోటకూరలా మూతి మీద వేలాడుతోంది. ఆమె ఆ బుగ్గను వేలితో నొక్కి చూసి, "ఇక కడుగు" అంది.

పాల మరకకు తొందర పనికిరాదు. వేడినీళ్లు పోశామా, పాలు ఉడికి పీచుకు అతుక్కుపోతాయి. చన్నీళ్లతో తడిపి, ఎంజైమ్ పట్టించి, తడిగుడ్డ కప్పి, అది తన పని చేసుకునేదాకా ఆగాం. తరవాత ఎక్స్‌ట్రాక్షన్ మెషీన్ పెట్టాం. ఒక చేత్తో నీళ్లు చల్లి, వెంటనే ఇంకో చేత్తో పీల్చుకునే యంత్రం అనుకోండి. పీల్చిన మురికినీళ్లు దాని కడుపులోని రికవరీ ట్యాంక్‌లోకి చేరతాయి, గచ్చు మీద చుక్క కూడా పారదు. సాయంత్రానికి కార్పెట్ ఆరింది. వరలక్ష్మి గారు మోకాళ్ల మీద వంగి, ముక్కు ఆనించి వాసన చూసింది. పాల కంపూ లేదు, సెంటూ లేదు. తలూపింది. హమ్మయ్య అనుకుని ట్యాంక్ నీళ్లను డ్రమ్ములోకి ఒంపి వ్యాన్‌లో ఎక్కించబోయాం.

"ఆ నీళ్లెక్కడ పోస్తారు?" అంది.

"దారిల మోరీల పోస్తం అమ్మా."

"ఆ మోరీలో మురుగు కాలువలోకే పోతుంది. కాలువ కింద ఎన్ని మళ్లున్నాయో తెలుసా? నా గుంత బతికితే చాలా? నీ మందు మంచిదైతే నా గుంతలో పొయ్యి. మంచిది కాకపోతే ఎక్కడా పొయ్యొద్దు."

సామ్యేలు నా మోచెయ్యి గిల్లాడు. "వద్దే. రేపు గ్యాస్ బంద్ అయితే ఆమె బతుకు మన మెడకు సుట్టుకుంటది" అని గొణిగాడు. నిజమే. సీసాలో సరిపోయింది గుంతలో సరిపోతుందని ఎవరు రాసిచ్చారు? కానీ అంత పరీక్ష పెట్టి, నా పనిమీద నాకే నమ్మకం లేకపోతే ఈ వృత్తి ఎందుకు? డ్రమ్ము నేనే ఎత్తి గుంతలో ఒంపాను.

"రేపు మంట చూసి సంబరపడకు" అంది ఆమె. "అది నిలవ గ్యాసు. గుంత సంగతి ఆలస్యంగా తెలుస్తుంది."

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని. "వెలుగుతోంది" అని పెట్టేసేది, అంతే. ఒక పొద్దున ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చాయ్ కూడా తాగకుండా సామ్యేలును లేపి వ్యాన్ ఎక్కాను.

వెళ్లేసరికి వంటకొట్టంలో వరలక్ష్మి గారు పెద్ద బాణలి ముందు నిలబడి రెండు చేతులా అట్లకాడ తిప్పుతోంది. నేను ఆమెను పలకరించలేదు. వంగి బాణలి కిందికి చూశాను. నీలి మంట, జోరుగా, చుట్టూ సమంగా.

"కోవా కలిపేటప్పుడు ఫోనెవరెత్తుతారే పిచ్చిదానా? అడుగంటదూ?" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అక్కడే గడపలో కూలబడ్డాను. ఆమె వేడి కోవా ఆకులో వేసి చేతికిచ్చింది.

నా పని గురించి తెలుసుకోవాలని ఇది చదువుతున్న మీకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో కార్పెట్ కడిగించుకునేటప్పుడు ఆకు బొమ్మలు, మంచి వాసనలు చూసి మోసపోకండి. మందులో ఏముందో అడగండి. కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తావో అడగండి. మీ పెరట్లో పోయమంటే వెనకాడేవాళ్లను గడప దాటనివ్వకండి. నన్నైనా సరే.