మెట్లకింద గది

ఇల్లు పంచుకున్న రోజు అన్నయ్య వీధివైపు గదులన్నీ తను తీసుకుని, చెల్లెలికి మెట్లకింద గది చూపించాడు. దానికి కిటికీ లేదు. తలుపు మీద జాలీలోంచి గాలి వచ్చేది, అంతే. "ఒంటిమనిషివి, నీకెందుకమ్మా అంత వెలుతురు?" అన్నాడు. గొంతున్నవాడికి కిటికీలు, నోరులేనివాళ్ళకి చీకటి. పంపకాలంటే ఎక్కడైనా ఇంతే.

ఆమె వారం పాటు ఏడ్చింది. కొన్నాళ్ళకి మంచం కింద మరిచిపోయిన బంగాళాదుంపలు కంటబడ్డాయి. అదే రోజు అదే బజారులో కొన్న అన్నయ్యవి మొలకలొచ్చి చెత్తబుట్ట పాలయ్యాయి. ఇవి మాత్రం ఆ చీకట్లో నిన్న తవ్వినట్టు గట్టిగా ఉన్నాయి!

మంచం వరండాలోకి పోయింది. గదిలోకి చెక్క అరలూ గోనెపట్టాలూ, అమ్మకానికి చవకలో కొన్న దుంపల బస్తాలూ వచ్చాయి. దుంపల్ని కడగదు, మట్టి దులిపి పరుస్తుంది. ఉల్లిపాయల్ని గడప తొక్కనివ్వదు. "ఆ రెండూ తోడికోడళ్ళు, ఒకచోట ఉంటే రెండూ చెడతాయి" అంటుంది. రోజూ గుమ్మంలో నిలబడి వాసన చూస్తుంది. ఒక్కటి కుళ్ళినా ఆ ముక్కు పట్టేస్తుంది. సరుకు దొరకని రోజుల్లో హోటళ్ళవాళ్ళు ఆమె దగ్గరికే పరిగెత్తుకొచ్చేవారు. దుంపలత్త అని పిలిస్తే పొంగిపోయేది.

తల నెరిశాక అన్నయ్యకి పాపభయం పట్టుకుంది. ఒక ఉదయం తాపీమేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. "నీకు కిటికీ పెట్టిస్తానే! పెద్దది!"

మేస్త్రి సుత్తి ఎత్తాడు. ఆమె వెళ్ళి గోడకి వీపు ఆనించి నిలబడింది.

"వెలుతురు తగిలితే దుంపలన్నీ చేదెక్కుతాయి. రెండోసారి కూడా నా నోట్లో మట్టి కొడతావా?"

అన్నయ్య మొహం చిన్నబోయింది. "మరి నేనేం చెయ్యనే? నాకు నిద్ర పట్టడం లేదు."

"కిటికీ ఇవ్వాలనుంటే ఉన్న కిటికీనే ఇవ్వు. వీధివైపు గది ఒకటి ఖాళీ చెయ్యి. అక్కడ నేను పడుకుంటా, ఇక్కడ నా దుంపలు పడుకుంటాయి."

మేస్త్రి పగలబడి నవ్వాడు. లోపల్నుంచి వదిన కేకేసింది: "ఇచ్చెయ్యండి! అందులో మీ విరిగిన కుర్చీలు తప్ప ఏమున్నాయి?"

సాయంత్రానికల్లా మంచం కిటికీ పక్కన పడింది. మోసినందుకు మేస్త్రికి సంచినిండా దుంపలు దక్కాయి.

మొన్న అన్నయ్యే సంచి చంకనబెట్టుకుని మెట్లకింద గదికొచ్చాడు, తన దుంపలు కూడా దాచిపెట్టమని. తలుపు బార్లా తెరిచి అరలకేసి తొంగిచూస్తున్నాడు.

"నీకెందుకు అన్నయ్యా అంత వెలుతురు? ముందు తలుపు వెయ్యి. సంచిలో ఉల్లిపాయలుంటే మాత్రం నువ్వూ బయటే!"