ఇంకో హారన్

నా చిన్నప్పుడు మిరప కల్లాల రోజులొస్తే మా ఊరంతా ఆకాశం వంకే చూసేది. దర్శి దగ్గర పల్లె మాది. కోసిన కాయంతా ఊరి చుట్టూ కల్లాల్లో ఎండుతుండేది. ఆ సమయంలో వాన పడితే కాయ రంగు పోయి తాలైపోతుంది, ఏడాది కష్టం మట్టిపాలే. అమ్మ తమ్ముడు, మా మామయ్య, మా ఇంట్లోనే ఉండి రేడియోలు బాగుచేసేవాడు. మబ్బు పట్టగానే కల్లాలన్నిటికీ కబురు చెప్పడానికి సొంతంగా ఒక మైకు సెట్టు తయారుచేశాడు.

పెరట్లో ఒక్క హారన్, అదే మైకు గొట్టం, తగిలించి మోగించుకుని తెగ మురిసిపోయాడు. తీరా కల్లాల్లో పెట్టాక ప్రతివాళ్లూ “మాకూ ఒకటి కట్టు అబ్బాయ్” అన్నవాళ్లే. ఆయనకి కాదనడం చేతకాదు. ఆఖరున, ఊరి చివర ఒంటరిగా సేద్యం చేసుకునే బూబమ్మగారి కల్లంలోనూ కట్టాడు.

అది కట్టిన రోజు మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. మామయ్య “కాయ మీద పట్టాలు కప్పండి” అనబోయాడు. సగం మాటలోనే మైకు మూగబోయి, యాంప్లిఫయర్ పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. సైకిలెక్కి, కేకలు వేస్తూ, దూరపు కల్లాల నుంచి మొదలుపెట్టాడు. మా కల్లానికి వచ్చేసరికి కాయంతా తడిసిపోయింది. అమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

సాయంత్రం అందరూ చేరి, బూబమ్మగారి హారనే కొంప ముంచిందన్నారు. ఆవిడ తల దించుకుని నిలబడింది.

“ఆవిడేం చేసిందండీ?” అన్నాడు మామయ్య. “ఒక్క హారన్‌తో చూసుకుని చేశాను. ఇంకోటి తగిలిస్తే ఏమవుద్దో ఆలోచించలేదు. తప్పు నాది.”

ఊరందరి ముందు పెద్దవాళ్లెవరైనా అలా అనడం నేను అంతకుముందు చూడలేదు. అమ్మ కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు గానీ, అన్నం మాత్రం వేళకి పెట్టింది.

ఆ పెట్టెని మామయ్య మళ్లీ మొదటినుంచీ చేశాడు. హారన్లు పెరిగేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతాయట, లోపలి ట్రాన్సిస్టర్లు ఆ భారానికి మాడిపోతాయట. “ఈసారి ఎన్ని తగిలించినా మాడదు. ఎక్కువైతే చప్పుడు తగ్గుద్ది, అంతే. చిన్నగా వినపడినా పర్లేదమ్మాయ్, ఆగిపోకూడదు” అన్నాడు. మొదటి హారన్ బూబమ్మగారి కల్లంలోనే కట్టాడు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంటి పనీ, పొలం పనీ, ఆసుపత్రి తిరుగుళ్లూ ఒక్కసారే మీదపడే రోజులుంటాయి. అప్పుడు కాస్త నెమ్మదిస్తాను, చేయగలిగినంతే చేస్తాను. అందరికంటే ఆఖరున వచ్చి సాయమడిగిన మనిషిని మాత్రం ఇంతవరకూ తప్పుపట్టలేదు.