వాసన చూసి చెప్పండి

నందిగామలో మా వీధి చివరి కాఫీకొట్టాయన గింజలు తానే వేయించి, పొడి పట్టి, అక్కడే కాఫీ కలిపి ఇచ్చేవాడు. తొంభైల్లో నేను చందర్లపాడు బడిలో పనిచేసే రోజుల్లో, పొద్దున బస్సెక్కే ముందు అక్కడ ఆగేదాన్ని. ఎదురుగానే బస్సు ఆగేది. గింజలు రంగు తిరుగుతుండగా గరిటెడు తీసి, ముందు ఎవరుంటే వాళ్ల వైపు చాపేవాడాయన.

"వాసన చూసి చెప్పండి. ఉంచమంటారా, దించమంటారా?"

రంగు మోసం చేస్తుందట, వాసన చెయ్యదట. ఇదంతా తన సరుకు గురించి గొప్ప చెప్పుకోవడమేననుకుని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒక రోజు కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. బస్సు కదిలేలా ఉంది. గరిటె వైపు చూడకుండానే, ఏదో తెలిసినదానిలా "ఇంకాస్త ఉంచండి" అనేసి పరుగెత్తాను.

సాయంత్రం బస్సు దిగేసరికి కొట్టు ముందు నల్లటి గింజలు కుప్పగా పోసి ఉన్నాయి.

"వాయి మొత్తం మాడిపోయిందండి," అన్నాడు.

"అంత మాడుతుంటే మీకు తెలియలేదా?" అని అడిగాను.

"మూడేళ్ల కిందట జ్వరమొచ్చి తగ్గిందండి. అప్పట్నుంచి నాకు ఏ వాసనా తెలీదు. అందుకేగా మిమ్మల్నందర్నీ అడిగేది."

మామూలుగానే అన్నాడు. పొద్దుటి నా మాట ఎత్తలేదు. వాసన చూడకుండానే చెప్పానని నేనూ ఒప్పుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున కొట్లో నలుగురున్నా గరిటె నా ముందుకే వచ్చింది.

"వాసన చూసి చెప్పండి."

వంగి నిదానంగా చూశాను. ఇంకా పచ్చివాసన పోలేదు. కాసేపు ఉంచమన్నాను. మళ్లీ చూశాను, మళ్లీ ఉంచమన్నాను. ఇక దించండి అనేసరికి చందర్లపాడు బస్సు వెళ్లిపోయింది.